వెండి రేకులో రాశిచక్రం



లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మూతతో ఉన్న ఒక కంచు గిన్నె ఉంది. పేరు వాసో వెస్కోవాలి. ఇటాలియన్ పేరు తర్వాత వచ్చింది గానీ, గిన్నె పుట్టింది సుమారు 1200లో, ఖొరాసాన్ ప్రాంతంలో. ఇస్లామీయ కళలో బొమ్మలే ఉండవనే వాళ్లు దీన్నొకసారి చూడాలి.

గిన్నె చుట్టూ 12 గుండ్రటి చట్రాల్లో 12 రాశులు, ఒక్కొక్కటీ తన అధిపతితో సహా. సింహానికి సూర్యుడు, కర్కాటకానికి చంద్రుడు. మన పంచాంగం చెప్పేదీ అదే కదా! మూత మీద గ్రహాలున్నాయి. మన శుక్రాచార్యుడు ఆ సంప్రదాయంలో ఊద్ వాద్యం వాయించే స్త్రీ. కుజుడు తెగిన తల పట్టుకున్న యోధుడు. ఏడు గ్రహాలకు తోడు గ్రహణాలు తెచ్చే సర్పం జౌజహర్ కూడా ఉంది. మన రాహుకేతువులకు దగ్గరి చుట్టమే.

గిన్నె మీది వెండి పనితనం మాటకొస్తే, ముందు ఉలితో లోహంలో గాడి తీస్తారు. పల్చటి వెండి రేకును అందులో పెట్టి, అంచులు పట్టుకునేలా సుత్తితో కొడతారు. ఆ తర్వాత వెండి మీద కన్నూ ముక్కూ, బట్టల మడతలూ సన్నగా చెక్కుతారు. బొమ్మల మధ్య ఖాళీలన్నీ తీగెలూ అల్లికలే.

1163లో అదే ప్రాంతంలోని హెరాత్ నగరంలో చేసిన మరో పాత్ర రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. దాని మీద అక్షరాలకే మనిషి తలలుంటాయి! యజమానికి శుభం కోరే రాతలవి.

వాసో వెస్కోవాలి ఫోటోలు బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వీలైతే మీ రాశి ఎక్కడుందో వెతికి చూడండి.