బయోడీజిలు పొగ – మన ఊపిరి

ఉర్దూ బడి పంతులుని గనుక మధ్యలో మన ఇంటి మాటలు దొర్లుతాయి, మాఫ్ చేయాలి.

చిక్కడపల్లి, నారాయణగూడ నెత్తిమీద 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో నడుస్తున్నది. దానికి పొగ లేదు. కింద డీజిలు బండ్లు మాత్రం ఆగలేదు, షాదీఖానా జనరేటరు సంగతి సరేసరి. ఆ మసి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం 1988లో డీజిలు పొగను "బహుశా" క్యాన్సరు కారకమన్నది. 2012 జూన్‌లో ఆ "బహుశా" తీసేసి, పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది.

మరి బయోడీజిలు? నూనెకు మిథనాల్ కలిపి, గ్లిజరిన్ వేరుచేసి తీసేది. గంధకం దాదాపు ఉండదు, ఆక్సిజన్ తనలోనే ఉంటుంది గనుక బాగా కాలుతుంది. 2002లో అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం, పెద్ద లారీ ఇంజన్లలో అచ్చంగా అదే పోస్తే మసి సుమారు 47 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 48 శాతం తగ్గాయి. కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు 10 శాతం పెరిగాయి. దమ్ము రోగులకు అవి మంచివి కావు. డీజిలులో 20 పాళ్ళే కలిపితే మసి తగ్గేది 10 శాతమే. అందుకే ఇది అమృతమని చెప్పేవారిని నేను నమ్మను. మేలు కనబడేది పాత ఇంజన్లలోనే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ 6 బండ్లకు మసి వడపోత ఎలాగూ ఉన్నది.

గింజల సంగతి వేరు. ఆదిలాబాదు పవర్‌గూడ ఆడవాళ్ళు కానుగ నూనెతో 2003లో ప్రపంచబ్యాంకుకే కార్బన్ పొదుపు అమ్మారు, షాబాష్! అయితే కానుగ నూనె తినేది కాదు. అడవి ఆముదం గింజలైతే విషమే; పిల్లలు నమిలితే వాంతులు, విరేచనాలు.

ఇక అశోక్‌నగర్‌లో చదువుకునే పిల్లలు సాయంత్రం తినే మిర్చిబజ్జీ మాట. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే పోలార్ పదార్థాలు పెరుగుతాయి. 2018 జూలై 1 నుంచి అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని చట్టం. ఆ ఏడే వాడిన నూనెను బయోడీజిలుకు మళ్ళించే పథకమూ వచ్చింది. నా దృష్టిలో మనకు అసలు లాభం ఇక్కడే. ఆ నూనె ఇంజనులో కాలితే కడుపులోకి పోదు.

ఇంట్లో మాత్రం చేయబోకండి. మిథనాల్ కళ్ళు పోగొడుతుంది, ప్రాణమూ తీస్తుంది.

మన ఇఫ్తారు సమోసాల మూకుడులో మిగిలిన నూనెను బజ్జీల బండికి అగ్గువకు అమ్మకుండా, డబ్బాల్లో పోసి, అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాను. కమిటీవారు ఇవాళే చేతులెత్తించి తేల్చాలి.