ఒక అణువులో ఆరు మూలకాలు

 

స్వర్ణోత్సవ వేళ రసాయనశాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనం బడిలో చదువుకున్న నీటి అణువులో మూలకాలు రెండు. పంచదారలో మూడు. ఆకుల్లోని పత్రహరితంలో మెగ్నీషియంతో కలిపి ఐదు. నేను చెప్పబోయే అణువులో ఆరు ఉన్నాయి. అది విటమిన్ బి12.

మాత్రల్లో వాడే దాని రూపాల్లో ఒకటి సయనోకోబాలమిన్. ఒక్కో అణువులో 181 పరమాణువులు: హైడ్రోజన్ 88, కార్బన్ 63, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 14, ఫాస్ఫరస్ 1, కోబాల్ట్ 1. ఒక్కటంటే ఒక్కటిగా ఉన్న ఆ కోబాల్టే అణువుకు నడిబొడ్డు. ఒంట్లో ఈ విటమిన్ చేసే పని దాని చుట్టూనే జరుగుతుంది. 1948లో దీన్ని ఎర్రని స్ఫటికాలుగా వేరుచేశారు. ఏ పరమాణువు ఎక్కడుందో ఎక్స్ కిరణాలతో తేల్చిన డొరోతీ హాడ్జ్‌కిన్ గారికి 1964లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఎందరినో కాపాడిన మందు అది. అందులో నాలుగే మూలకాలు, కోబాల్ట్ లేదు. బి12 లోపించినవారికి అదొక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గాని, నరాలు దెబ్బతినడం ఆగదు. ఆ పని కోబాల్ట్ ఉన్న అణువే చెయ్యాలి.

బి12ను మొక్కలూ తయారుచేసుకోలేవు, జంతువులూ చేసుకోలేవు. సూక్ష్మజీవులే చేస్తాయి. మనకు పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అందుతుంది. అన్నం, పప్పు, కూరగాయల్లో ఉండదు. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. అయినా అది లేకపోతే జరగదు.

ఈ సభలో అరవై దాటినవాళ్లం చాలామందిమే ఉన్నాం. వయసు మీదపడేకొద్దీ తిండిలోని బి12ను ఒంటికి పట్టించుకునే శక్తి తగ్గుతుంది. మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలడం, మతిమరుపు వస్తే ‘వయసు కదా’ అని సరిపెట్టుకోకండి. కారణాలు వేరే ఉండవచ్చు. కాని బి12 లోపమే అయితే ఆలస్యం చేసినకొద్దీ నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. సొంత వైద్యం మాని, డాక్టరును అడిగి ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి.

వచ్చే సమావేశానికి అందరం మన కాళ్ల మీద నడిచి వద్దాం. సెలవు.