ప్రొటెస్టెంట్ మతం, జర్మానిక్ జాతులు: కారణం రక్తమా?

నేను సైన్సు చెప్పేవాడిని. ఈరోజు చరిత్ర జోలికి రావడానికి కారణం ఒక సమాధి.

సూరత్‌లో కతార్గాం దర్వాజా దగ్గర పాత డచ్చి శ్మశానవాటిక ఉంది. అందులోని పెద్ద సమాధి వాన్ రేడెది. మలబారు మొక్కల మీద 12 సంపుటాల 'హోర్టస్ మలబారికస్'ను తయారు చేయించిన ఈయన 1691లో మరణించాడు. ఆ గ్రంథం గురించి చెప్పడానికే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "డచ్చివారు, ఇంగ్లీషువారు, జర్మన్లు ప్రొటెస్టెంట్లే ఎందుకయ్యారు సార్? వాళ్ల రక్తంలోనే ఏదైనా ఉందా?"

రక్తం అనేది సులువైన జవాబు. కాబట్టే దాన్ని పరీక్షకు పెట్టాలి. బవేరియా, ఆస్ట్రియా ప్రజలదీ జర్మన్ భాషే. చివరికి ఎక్కువమంది కాథలిక్కులుగానే నిలిచారు. ఫిన్లండ్ భాషకు జర్మన్‌తో చుట్టరికమే లేదు. అక్కడ లూథర్ మతం నిలిచింది.

డచ్చివారి సంగతి ఇంకా విచిత్రం. 16వ శతాబ్దంలో వారిని ఏలింది కాథలిక్ స్పెయిన్. దక్షిణాన ఆంట్వెర్ప్ నగరంలో ప్రొటెస్టెంట్లు చాలా బలంగా ఉండేవారు. 1585లో స్పెయిన్ సైన్యం ఆ నగరాన్ని పట్టుకుంది. మతం మారండి, లేదా నాలుగేళ్లలో ఊరు వదలండి అన్నారు. వేలమంది ఉత్తరానికి వెళ్లిపోయారు. ఉత్తరం మాత్రం స్పెయిన్‌కు లొంగలేదు. ఒకే భాష మాట్లాడే జనం సైన్యం ఆగిన గీత దగ్గర రెండు మతాలుగా విడిపోయారు. ప్రయోగశాలలో మనం చేయలేని ప్రయోగం ఇది!

మరి జర్మనీలోనే ఎందుకు మొదలైంది? 1517లో లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాడు. ఆ డబ్బు రోముకు పోతోందన్న కోపం అప్పటికే జర్మనీలో ఉంది. ఫ్రాన్సు రాజు 1516లోనే పోపుతో ఒప్పందం చేసుకుని, బిషప్పులను ఎంపిక చేసే అధికారం సంపాదించాడు. అతనికి తెగతెంపుల అవసరం లేకపోయింది. జర్మనీలో అంత బలమైన రాజు లేడు, ఎవరి సంస్థానం వారిదే. 1521లో చక్రవర్తి లూథర్‌ను నేరస్థుడిగా ప్రకటిస్తే, శాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన కోటలో దాచాడు. అక్కడే లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించాడు. 1522 సెప్టెంబరులో అచ్చయిన పుస్తకాన్ని డిసెంబరుకే మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. చివరికి 1555లో, పాలకుడి మతమే ఆ సంస్థానం మతమని ఆగ్స్‌బర్గ్‌లో ఒప్పందం కుదిరింది. సామాన్యుడి ఇష్టాన్ని అడిగినవారు తక్కువేనన్నమాట.

జనం భాషలో అచ్చువేసే ఆ అలవాటు మన దాకా వచ్చింది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ బోధకుడు జర్మనీకి తిరిగి వెళ్లి, 1746-47లో హాలే పట్టణంలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవేనంటారు. లూథర్ బోధించిన విట్టెన్‌బర్గ్ అక్కడికి దగ్గరే. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి వాన్ రేడె సమాధిని వదిలేసి, ఆ పుస్తకాలు ఎలా ఉంటాయో చూపించమని పట్టుబట్టింది.