కిల్టు కుట్టించుకొను విధము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘమువారు ఉడుపులను గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్ము కోరినారు. మేము రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేయువారము. మా చదువు మెట్రిక్కుతో ఆగినది. అయినను షోలాపూరులో కాపురముండి బట్ట సంగతి తెలియదనుట ఎవరికిని చెల్లదు. ఈ ఊరి దుప్పట్లు, తువాళ్లు నేసిన చేతులలో మన తెలుగు చేతులు ఎన్నో ఉన్నవి. కనుక బట్ట తెలిసిన ఈ సభలో ఒక దూరదేశపు బట్టను పరచి చూపుతాము. అది స్కాట్లండువారి కిల్టు.

సినిమాలో దానిని చూచి మన పిల్లలు “మగవాళ్ల గౌను” అని నవ్వుతారు. నవ్వుటకు ముందు దాని కథ వినవలెను. పూర్వము అక్కడి కొండసీమవారు కుట్టని పొడుగాటి ఉన్నిబట్టను పరచి, కుచ్చిళ్లు పెట్టి, నడుమున పటకా బిగించి, మిగిలినది భుజాన వేసికొనేవారు. పంచె, ఉత్తరీయము ఒకే బట్టలో ఉన్నట్లన్నమాట. 18వ శతాబ్దమున పైసగము వదలి కింది సగమునే కట్టుట వాడుకలోనికి వచ్చినది. తరువాత కుచ్చిళ్లను కుట్టివేసినారు. 1745 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట, 1746లో చేసిన చట్టముతో బ్రిటిషు ప్రభుత్వము ఆ ఉడుపును నిషేధించినది. మొదటి తప్పుకు ఆరు నెలల జైలు, రెండవసారి ఏడేండ్ల ద్వీపాంతరవాసము. సైనికులకు మాత్రము మినహాయింపు ఉండెను. 1782లో ఆ చట్టము రద్దయినది. అప్పటికి ఒక తరము గడచిపోయినది. అయినను ఉడుపు చావలేదు. నేడు కెనడాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన స్కాట్లండు కుటుంబాలవారు కూడ పెండ్లికి, పండుగకు దానిని కట్టుతారు.

పెండ్లి కిల్టు బరువైనది. ఎనిమిది గజముల ఉన్ని పట్టును. అందుచేత మామూలు రోజులకు తేలికపాటి కిల్టును కొలత ఇచ్చి కుట్టించుకొనుట కూడ కలదు. అప్పుడు ఎంచుకోవలసినవి ఇవి.

మొదటిది బట్ట. గజమునకు 16 ఔన్సులు తూగు ఉన్నికి కుచ్చిళ్లు చక్కగా నిలుచును, కాని ఎండలో భారము. 10, 11 ఔన్సుల ఉన్ని తేలిక. నూలు డ్రిల్లు ఉతుకుటకు సులువు. ఇస్త్రీ మాత్రము తప్పదు.

రెండవది గళ్లు. పడుగులోను పేకలోను ఒకే వరుసలో రంగులు వచ్చునట్లు నేయుట సాధారణ పద్ధతి. ఈ గళ్ల నమూనాలకు 2009 నుండి అక్కడి ప్రభుత్వ రిజిస్టరే ఉన్నది. గళ్లు వద్దనుకొన్నవారు ఒకే రంగు బట్ట తీసికొందురు.

మూడవది కుచ్చిళ్లు. ముందు భాగము చదునుగా ఉండును, కుచ్చిళ్లన్నీ వెనుకనే. మడిచిన తరువాత కూడ గళ్లు చెదరక కనబడునట్లు మడువవచ్చును; లేదా ప్రతి మడతమీద ఒకే చార వచ్చునట్లు మడువవచ్చును. రెండవది సిపాయిల పద్ధతి. మామూలు కిల్టుకు నాలుగైదు గజములు చాలును. మడతలు తగ్గును, ఖర్చు తగ్గును.

నాలుగవది పొడుగు. ఇది మన నేతవారు వినదగినది. మంచి కిల్టుకు అడుగున మడిచి కుట్టరు. మగ్గముమీద వచ్చిన అంచే దాని అడుగు అంచు. కనుక పొడుగు ముందే సరిచూచుకోవలెను. సంప్రదాయపు కిల్టు బొడ్డు ఎత్తున నిలుచును. మామూలుది కొందరు తుంటిమీదికి దించుకొందురు. ఏదైనను అడుగు అంచు మోకాలిచిప్ప దగ్గర ఆగవలెను.

ఐదవది బిగింపు, జేబు. తోలుపట్టీలు, బకిళ్లు పాత పద్ధతి. అంటుకొను పట్టీ కొత్తది. పాత కిల్టుకు జేబు లేదు. ముందు వ్రేలాడు తోలుసంచియే జేబు. ఇప్పుడు పక్కన జేబులు కుట్టించుకొనువారున్నారు. గుచ్చు సూదిని పైపొరకే గుచ్చవలెను. రెండు పొరలకు గుచ్చితే నడకలో బట్ట చిరుగును.

ఇందులో ఏది మారినదో, ఏది మారలేదో చూడండి. బట్ట మారినది, బకిలు మారినది, జేబు వచ్చినది. ముందు చదును, వెనుక కుచ్చిళ్లు, మోకాలి పొడుగు మారలేదు. చూచినవాడు అది కిల్టని ఇట్టే గుర్తించును.

ఇక మన యిండ్లకు వత్తాము. మన పంచె పెండ్లిపీటలమీదనే మిగిలినది. ఏ పిల్లవాడైనా అంటుకొను పట్టీ, జేబు ఉన్న పంచె కొని తెచ్చుకొంటే, “ఇదేమి పంచెరా?” అని మనమే ఎగతాళి చేస్తాము. మరుసటి ఉగాదికి వాడు ప్యాంటుతో వస్తాడు. చట్టము లేకుండానే, జైలు లేకుండానే, మన నవ్వుతోనే మన ఉడుపును మనము నిషేధించుకొంటున్నాము. స్కాట్లండువారికి ఆ పని చేయుటకు పార్లమెంటు కావలసివచ్చినది!

కనుక పెద్దలకు మా మనవి ఒక్కటే. అంచు ఉండనీయండి, కుచ్చిళ్లు ఉండనీయండి. జేబు సంగతి, పట్టీ సంగతి పిల్లలకు వదలండి. కట్టిన వానిని కూర్చోబెట్టి, రెండవసారి ముడి వేయుట నేర్పండి. పరవూరిలో ఉన్న మనకు, వాడు కట్టుటయే ముఖ్యము.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.