దూరపు గురి – లంబన దోషము

మామిడితోటలో ఒక కన్ను మూసుకొని నిలిచి, దగ్గరి కొమ్మకు వ్రేలాడుచున్న కాయను దూరపు తాటిచెట్టు మొవ్వుతో సరిపెట్టి చూడుడు. తల ఒకింత కుడివైపునకు జరుపగానే కాయ ఎడమవైపునకు తొలగినట్లు కనిపించును. కాయ కదలలేదు, తాటిచెట్టు కదలలేదు. కదలినది మన కన్ను. ఈ తోపింపును మన సిద్ధాంత గ్రంథకర్తలు లంబనము అనిరి. సూర్యగ్రహణమును గణించునప్పుడు, భూకేంద్రమునుండి కాక భూమి ఉపరితలము నుండి చూచుట వలన చంద్రుడు కొంత జరిగి కనిపించునని వారు లెక్క కట్టిరి. ఇంగ్లీషువారి పారలాక్సు ఇదియే.

ఆకాశపు లెక్కలోని ఈ లంబనము తుపాకిపై బిగించు జానెడు మూరెడు టెలిస్కోపులో కూడ తల యెత్తును. ముందున్న పెద్ద అద్దము, అనగా వస్తుకటకము, దూరపు గురిపలక ప్రతిబింబమును గొట్టము లోపల ఒకచోట నిలుపును. ఆ గొట్టములోనే అడ్డముగను నిలువుగను సన్నని గురిరేఖలుండును. ప్రతిబింబము సరిగా ఆ రేఖలున్న తలముపైననే పడినచో రెండును ఒకే కాగితముపై గీసినట్లుండును. కన్ను ఎటు జరిపినను విడిపోవు. ప్రతిబింబము రేఖలకు ముందో వెనుకో పడినదా, అవి పైన చెప్పిన కాయయు తాటిచెట్టును అయినవి. తుపాకి రాయివలె నిశ్చలముగ నున్నను తల కదలినప్పుడెల్ల గురి తప్పినట్లు తోచును. పట్టినవాడు ఆ లేని తప్పును దిద్దబోయి ఉన్న గురిని చెరుపుకొనును.

ఈ దోషమెంత యని అడుగవచ్చును. వస్తుకటకము వ్యాసములో సగము తీసికొని, స్కోపును ఏ దూరమునకు సరిపెట్టితిమో ఆ దూరమునకును గురి దూరమునకును గల తేడాతో హెచ్చించి, సరిపెట్టిన దూరముతో భాగింపవలెను. 50 మిల్లీమీటర్ల అద్దము గల స్కోపును 100 మీటర్లకు సరిపెట్టి 300 మీటర్ల పలకను చూచితిమనుకొందము. 25ను 200తో హెచ్చించి 100తో భాగించిన 50 మిల్లీమీటర్లు వచ్చును. అంతర్జాతీయ పోటీలలో 300 మీటర్ల పలకపై పది మార్కుల వలయము వ్యాసము 100 మిల్లీమీటర్లు. అనగా వలయము నడుమ నిలిపితిమనుకొన్న గురి దాని అంచువరకు పోవచ్చును. అదే స్కోపుతో 1000 మీటర్ల దూరము చూచినచో దోషము 225 మిల్లీమీటర్లు, సుమారు జానెడు! ఇది కన్ను పూర్తిగా ప్రక్కకు జరిగినప్పటి మాట. కన్ను సరిగా నడుమ నిలిచినచో దోషము సున్న. కాని గంటసేపు బోర్లపడుకొని చెంపను తుపాకి కర్రపై ఆనించినవాని కన్ను ప్రతిసారి ఒక్కచోటనే నిలుచునని ఎవరు పూచీపడగలరు?

సర్వే ఉద్యోగులకు ఈ సంగతి కొత్తది కాదు. 1802లో మద్రాసువద్ద లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే మన కృష్ణా గోదావరుల నడిమి భూమికి కూడ వచ్చినది. 1819లో ఇచ్చటి అడవులలో పనిచేయుచు జార్జి ఎవరెస్టు తీవ్రమైన జ్వరము పాలై, మరుసటి యేడు ఆరోగ్యము కొరకు దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రమునకు పోవలసి వచ్చినది. పూర్వకాలపు సర్వే టెలిస్కోపులలో గురిరేఖలకు సాలెపురుగు దారమును వాడెడివారు. సర్వేయరు థియోడొలైటును నిలుపగానే మొదట రేఖలు నల్లగా స్పష్టపడువరకు కంటి కటకమును త్రిప్పును, తరువాత దూరపు గుర్తును స్పష్టపరచుకొనును, పిమ్మట తలను ఇటునటు ఆడించి రేఖ గుర్తును వదలుచున్నదా యని చూచును. వదలినచో ఆ కొలత పనికిరాదు. నూజివీడు ప్రాంతపు తోటల సరిహద్దు తగవులలో రెండు అడుగుల నేల అన్నదమ్ముల మాటలను ఎంతకాలము తుంచివేయునో మన మెరుగుదుము గనుక, ఆ తల ఆడించుట చాదస్తమని మేము అనజాలము.

పాత సర్వే యంత్రములలో స్పష్టత కొరకు గొట్టమునే పొడిగించి కుదించెడివారు. 20వ శతాబ్ది మొదట జర్మనీలోని జైసు సంస్థలో హైన్రిఖ్ విల్డు గొట్టము పొడవు మారకుండ లోపలి చిన్న కటకము మాత్రమే జరుగు పద్ధతిని సర్వే పరికరములలో నెలకొల్పెను. తుపాకి స్కోపులలోని రకముల భేదము చాలవరకు ఇదియే.

చౌక రకములో సవరణయే లేదు. పెద్ద తుపాకి స్కోపును సాధారణముగ 100 గజములకు, .22 తుపాకి దానిని 50 గజములకు కర్మాగారములోనే బిగించి పంపుదురు. ఆ దూరమున వాడువానికి అది చాలును. రెండవ రకములో ముందు అద్దము చుట్టునున్న వలయమును త్రిప్పిన అద్దమే ముందు వెనుకలకు జరుగును. లోపలి భాగములు తక్కువ, కావున ధర తక్కువ, చెడుట తక్కువ. కాని పడుకొని గురి చూచువాడు చేయి బారచాచి గొట్టము చివర నందుకొనవలెను. అందుకొనునప్పుడు భుజము కదలును, చెంప లేచును, కుదిరిన గురి చెదరును. మూడవదానిలో స్కోపు ఎడమ ప్రక్కన ఒక మర యుండును. కుడిచేయి తుపాకిని విడువనక్కరలేదు, తల యెత్తనక్కరలేదు, ఎడమచేతి వ్రేళ్లు చాలును. లోపల జరుగు కటకము, దానిని జరుపు పళ్లు ఎక్కువగుట వలన ధరయు హెచ్చు. నాసిరకపు వానిలో మర త్రిప్పిన వెంటనే కటకము కదలక కొంత వదులు చూపును. ఎడమచేతివాటము వారికి ఆ ఎడమ మర అనుకూలము కాదు. ఆస్ట్రియా దేశపు కాలెస్ సంస్థ తన కొన్ని స్కోపులలో ఆ సవరణ చక్రమును పైభాగమున, ఎత్తు సరిచేయు మర క్రిందనే అమర్చినది. ఇరుచేతుల వారికిని అది ఒకే తీరుగ అందును.

మా బాపులపాటి ప్రాంతపు రైతు ఒకరు, ఎన్.సి.సి.లో గురి నేర్చిన తన కుమార్తె కొరకు తోట అమ్మకపు బయానాతో ప్రక్క మర గల స్కోపు కొనిపెట్టవచ్చునా యని మమ్ము అడిగెను. అమ్మాయి అభ్యసించుచున్నది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు. ఆ పోటీలో టెలిస్కోపునకు అనుమతియే లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున 701.1 పాయింట్లతో కంచు పతకము గెలిచినది చిన్న రంధ్రము గుండ చూచు గురితోనే. అచ్చటి పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. 50 మీటర్ల, 300 మీటర్ల అంతర్జాతీయ రైఫిలు పోటీలకును ఇదే నియమము. కావున బయానా సొమ్ము స్కోపునకు కాక మంచి జాకెట్టునకు, శిక్షకుని జీతమునకు మిగుల్చుకొమ్మని మేము చెప్పితిమి. తోటలో కోతులను బెదరించుటకు కూడ పనికివచ్చునని ఆయన మరొక మాట అనెను. ఆ పనికి వడిసెల, డప్పు మేలు. తుపాకులకు 1959 నాటి ఆయుధ చట్టము కలదు, వన్యప్రాణులకు 1972 నాటి చట్టము కలదు.

మరి ఎవరికి స్కోపు కావలెను? కెనడా దేశస్థుడు జార్జి ఫార్ఖర్సన్ పేరు మీదుగా ఎఫ్ క్లాసు అని పిలువబడు పోటీ యొకటి కలదు. తుపాకిని ఆనుడుపై నుంచి, పడుకొని, 1000 గజముల వరకు కాల్తురు. అందు స్కోపు అనుమతింపబడినది. ఒక దశలో దూరము మారదు గనుక ముందు వలయమును ముందుగనే సరిపెట్టుకొన్న చాలునని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. డబ్బు కొద్దిగా నున్నవారు అట్లే చేయవలెనని మా అభిప్రాయము. కాని ఎండ ముదిరిన కొలది గాలి సెగలు లేచి బొమ్మ అలలాడును, నడుమ మరల సవరింపవలసి వచ్చును. అప్పుడు ప్రక్క మర ఆదుకొనును. దూరములు వెంటవెంటనే మారు పోటీలలోనైతే వేరు ఆలోచన యక్కరలేదు, ప్రక్క మరయే కొనవలెను.

ఏ రకము కొన్నను వాడుక ఒకటే. మొదట స్కోపును సూర్యుడు లేని దిక్కున తెల్లని ఆకాశమువైపు త్రిప్పి, గురిరేఖలు నల్లగా కనుపించువరకు కంటి కటకమును సరిచేయవలెను. ఒక్కొక్కసారి రెండు మూడు క్షణములకు మించి చూడరాదు. ఎక్కువసేపు చూచిన కన్ను తానే సర్దుకొని మసకను కప్పిపుచ్చును. తరువాత గురిపలకను చూచుచు సవరణ మరను త్రిప్పవలెను. బొమ్మ స్పష్టపడగనే చాలించరాదు. తుపాకి కదలకుండ తలను మాత్రము పైకి క్రిందకి ఆడించి, రేఖ పలకపై జారనంతవరకు కొద్దికొద్దిగ సర్దవలెను. మరపై చెక్కిన అంకెలను నమ్మి ఊరకొనరాదు. ఉష్ణముతో అవి మారును. మర వదులు తెలియకుండుటకు ఎప్పుడును ఒకే వైపునుండి త్రిప్పుచు చివరి స్థానమునకు రావలెను. మే నెలలో మిట్టమధ్యాహ్నపు సెగలో ఈ పరీక్ష కుదరదు. తెల్లవారుజామున చేసికొని, మరపై చిన్న తెల్లకాగితము అంటించి గుర్తు గీసికొని, ఎండ పెరిగిన పిమ్మట అక్కడినుండి ఎంత త్రిప్పవలసి వచ్చినదో తేదీతో నోటుపుస్తకములో వ్రాసికొనవలెను.