మిగులు ఎవరిది? – శ్రామిక సహకార చరిత్రలో ఒక ప్రశ్న



ఎవరి స్మృతికై మనము ఈ సాయంకాలమిచ్చట చేరితిమో ఆ పెద్దమనిషి గ్రంథములు రచించినవాడు కాడు, శాసనసభలో కూర్చున్నవాడును కాడు. నలుబది సంవత్సరములు ఈ చేనేత సహకార సంఘపు పద్దుపుస్తకములను వ్రాసినవాడు. ఎన్ని చిలపల నూలు వచ్చినదో, ఏ మగ్గమునకెంత పోయినదో, అది ఎన్ని చీరలై తిరిగి వచ్చినదో, మజూరి పోను, రంగుల ఖర్చు పోను, అద్దె పోను చివరకు సంఘమునకేమి మిగిలినదో – ఆయన జీవితకాలమంతయు వ్రాసిన కథ ఇదొక్కటే. ఆయన పేర ఉపన్యసింపుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, సహకారోద్యమమును గూర్చి మన వేదికలపై తరచుగ వినవచ్చు స్తుతివాక్యములను మరల వల్లించుట ఆయన స్మృతికి తగిన పని కాదని తోచినది. కావున ఆయన ఏటేట తనను తాను వేసికొన్న ప్రశ్ననే నేడు చరిత్ర నడుగదలచినాను: పదిమంది చేతులు కలిసిన పనిలో చివరకు మిగిలినది ఎవరిది? దానిని లెక్కించి చెప్పు అధికారమెవరిది? ఈ రెండింటిలో రెండవదియే గట్టి ప్రశ్నయని నా నమ్మకము; ఏలయన లెక్క పరుల చేతిలో నున్నంత కాలము, మిగులు మనదేనని ఎవరెంత ఉదారముగ చెప్పినను అది దానమే గాని హక్కు కాదు.

సహకార చరిత్రను ఎచ్చట మొదలుపెట్టినను మగ్గపు చప్పుడు వినబడుచునే యుండును. స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతమున ఫెన్విక్ అను పల్లె కలదు. 1761వ సంవత్సరము మార్చిలో అక్కడి నేతగాండ్రు కొందరు ఒక ఒడంబడికపై చేవ్రాలు చేసి, పనిలో నాణ్యము చెడనీయమనియు, ఒప్పుకొన్న ధరలకు కట్టుబడియుందుమనియు ప్రమాణము చేసికొనిరి. 1769లో వారే తమ సంఘనిధి నుండి సొమ్ము తీసి, ఓట్స్ అను ధాన్యపు పిండిని మొత్తముగ కొని, సభ్యులకు చిల్లరగ అమ్మసాగిరి. ఇంతకు మించి ఆ పల్లెకథను పెంచవలసిన పనిలేదు గాని, ఈ పని రైతు గాక, కమ్మరి గాక, నేతగాడే ఏల మొదలుపెట్టెనని మాత్రము ఒక క్షణము ఆలోచింపదగును. నేతగాని మగ్గము అతనిదే, ఇల్లు అతనిదే, ఆలుబిడ్డల శ్రమయు అతని ఇంటిదే. కాని నూలు పరునిది, అంగడి పరునిది. పేరునకు యజమాని, బ్రతుకునకు కూలి. ఈ వైరుద్ధ్యమును మన చీరాలలోనో, పోచంపల్లిలోనో సావుకారు వద్ద నూలు తెచ్చుకొని, బట్ట అప్పగించి, ముందు తీసికొన్న బాకీ క్రింద సగము మజూరి విడిచివచ్చిన ప్రతి నేతన్నయు వేరుగ చెప్పించుకొననక్కరలేకుండ ఎరుగును.

ఇక రాచ్‌డేల్. ఈ పేరు సహకార శిక్షణ తరగతులలో మీరు పలుమార్లు వినియుందురు. అయినను అచ్చటి కథలో సగమే మనకు చెప్పుదురు. ఇంగ్లండులోని లాంకషైర్ సీమలో ఫ్లానెల్ అను ఉన్నిబట్ట నేయువారికి ప్రసిద్ధమైన ఆ ఊరిలో, కూలి పెంపు కొరకు జరిగిన ప్రయత్నము విఫలమైన పిదప, వారమునకు రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టి, 28 మంది 28 పౌనుల మూలధనమును సమకూర్చిరి. టోడ్ లేన్ అను సందులో ఒక గిడ్డంగి క్రింది భాగమును అద్దెకు పుచ్చుకొని, 1844 డిసెంబరు 21న, సంవత్సరములోకెల్ల దీర్ఘమైన ఆ చలికాలపు రాత్రి, కొంచెము పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వువత్తులు పెట్టుకొని దుకాణపు తలుపులు తీసిరి. వీధిలోని కుఱ్ఱవాండ్రు గుమిగూడి గేలిచేసిరట. కూలిడబ్బునకు బదులు యజమాని దుకాణపు సరకునే అంటగట్టు ఆచారము, పిండిలో సుద్దపొడి కలుపు ఆచారము ప్రబలియున్న ఆ దినములలో, కల్తీలేని సరకును సరియైన తూకముతో అమ్ముటయే ఒక విప్లవము.

వారి విజయరహస్యము సరకులో లేదు, లెక్కలో నున్నది. అంతకు పూర్వము వెలసిన సంఘ దుకాణములనేకము అరువులిచ్చి మునిగిపోయెను. వీరు అరువు లేదనిరి. కొన్న ధరకే అమ్మినచో నిధి చేరదు. వీరు అంగడి ధరకే అమ్మి, మూడు నెలలకొకమారు మిగులు తేల్చి, పెట్టుబడికి పరిమితమైన వడ్డీ మాత్రమిచ్చి, తక్కినదానిని ఎవరెంత సరకు కొనిరో అంత నిష్పత్తిలో తిరిగి పంచిరి. వాటాలున్నవాని ధనము గాక, వాడుకొన్నవాని ఆదరణయే మిగులునకు మూలమని గుర్తించిన ఈ సూత్రమును చార్లెస్ హోవర్త్ అను సభ్యుడు సూచించెనని చెప్పుదురు. ఎన్ని వాటాలున్నను మనిషికి ఒకటే వోటు. భార్య ఆస్తి భర్తదేయని చట్టము చెప్పుచున్న కాలమున ఆడవారిని సమానహక్కులు గల సభ్యులుగ చేర్చుకొనిరి. మిగులులో నూటికి రెండున్నర వంతు పఠనమందిరమునకు, విద్యకు కేటాయించిరి. 1845లో 74 మందియైన సభ్యులు 1850 నాటికి 600, 1860 నాటికి 3,450 మంది అయిరి.

మనకు చెప్పు సగము కథ ఇంతటితో ముగియును. తక్కిన సగము ఈ సంఘమువంటి సంఘములకు మరింత అవసరమైనది. దుకాణములో గెలిచిన ఆ మనుష్యులే 1854లో ఒక వస్తూత్పత్తి సంఘమును నెలకొల్పి, నూలుమిల్లు నడుపసాగిరి. అందు లాభమును పెట్టుబడికి మాత్రమే గాక, మరల వద్ద నిలిచి పనిచేయు కార్మికులకును వారి కూలి ననుసరించి పంచవలెనని నియమము. సొంత మిల్లు 1859లో లేచెను. మిల్లు లాభము గడించుచున్న కొలది దాని వాటాలకు గిరాకి పెరిగెను. వాటాలు కొన్నవారిలో ఆ మిల్లులో ఒక్క పోగైనను ముట్టనివారే నానాటికి అధికులైరి. కార్మికులకు వంతు ఏల ఈయవలెనని వారు అడుగసాగిరి. 1862లో వోటు తీసికొనిరి. కార్మికుల వంతు రద్దయ్యెను. మనిషికొక వోటను ధర్మమును భక్తితో పాటించిన ఊరిలోనే ఇది జరిగినదని మరువరాదు. వోటున్నది, కాని ఆ వోటు పనిచేయువారి చేతినుండి జారిపోయినది. కార్మికుని వంతును ఒక నియమముగ వ్రాసిరే గాని, ఆ నియమమును మార్చు అధికారము ఎవరి చేతిలో నుండవలెనో వ్రాయ మరచిరి. సహకారచరిత్ర అంతటిలోను నన్ను మిక్కిలి బాధించు సంఘటన ఇదియే.

ఆ లాంకషైర్ మిల్లుల నూలును బట్టయు వచ్చి మన తీరసీమల మగ్గముల నోట మట్టి కొట్టినవన్న సంగతి మీ తాతలు మీకు చెప్పియుందురు. అయినను రాచ్‌డేల్ నేతగానితో మనకు వైరము లేదు. అతనిని మింగిన మరయే మనలను మింగ వచ్చినది.

మన దేశమునకు సహకారము ప్రభుత్వపు చట్టముగ వచ్చెను. 1904 నాటి చట్టము పరపతి సంఘములకే పరిమితము. 1912 చట్టముతో గాని ఇతర సంఘములకు తావు కలుగలేదు. అయినను రాచ్‌డేల్ ఒరవడిని చూచి, 1904లో మదరాసు తిరువల్లిక్కేణిలో కొందరు గృహస్థులు వినియోగదారుల సంఘము స్థాపించుకొనిరి. చేనేతకు 1935లో మదరాసు రాష్ట్రస్థాయి సహకార సంఘము ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నూలు కరవైనపుడు సంఘసభ్యత్వమే మగ్గమునకు ప్రాణాధారమయ్యెను. 1953లో మిల్లుబట్టపై అదనపు సుంకము విధించి ఆ ధనమును చేనేతకు, ఖాదీకి వినియోగించు శాసనము వచ్చెను. ఈ సహాయములు లేనిచో నేడు మనమిచ్చట కూడియుందుమో లేదో. కాని సహాయము వెంబడి ఒక వ్యాధియు వచ్చినది: సబ్సిడీ కొరకే పుట్టిన సంఘములు, బినామీ సభ్యులు, సావుకారే చాటునుండి నడపు కార్యవర్గములు, ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదాపడి అధికారుల పాలనలో నిలిచిపోయిన సభలు. ఇందెవరినో నిందించుట నా అభిమతము కాదు. రాచ్‌డేల్ మిల్లులో వాటాదారు చేసిన పనినే ఇచ్చట చాటుసావుకారు చేసెనని మాత్రము చెప్పదలచినాను.

దీనికి మారుగ జరిగిన ఒక కథ మనకు దక్షిణమున, కేరళలోని కన్ననూరులో కలదు. 1966లో పార్లమెంటు బీడీ, సిగారు కార్మికుల చట్టమును చేసెను. అది అమలునకు రాగానే, సెలవులు, పనివేళలు, ఇతర హక్కులు ఈయవలసివచ్చునని ఒక పెద్ద బీడీ వ్యాపారసంస్థ తన శాఖలను మూసివేయగా వేలకొలది చేతులు పనిలేక ఖాళీ అయినవి. ఆ కార్మికులే 1969 ఫిబ్రవరిలో కేరళ దినేశ్ బీడీ అను సహకార సంఘముగ ఏర్పడిరి. ఇరువది రూపాయల వాటాలో కార్మికుడు పెట్టినది ఒక రూపాయి. తక్కినది ప్రభుత్వము ఋణముగ ఇచ్చినది. మూడువేల మందితో మొదలైన ఆ సంఘము ఒకానొక దశలో నలుబది వేల మందికి పైగా పని కల్పించెను.

ఈ సంఘము ఎట్లు నడచినదో విన్నచో మన పెద్దాయన ఎంతయో సంతోషించెడివారు. ప్రాథమిక సంఘములలో పనిచేయువారే సభ్యులు, సభ్యులే పనివారు. కార్యవర్గమును ఎన్నుకొనునది వారే. మేస్త్రీ తప్పుచేసినచో అడుగునదియు వారే. ఆకు కొనుగోలు, పొగాకు మిశ్రమము, అమ్మకము కేంద్రసంఘము చేతిలో. ఏ వ్యాపారసంస్థ ఈయజాలమని శాఖలు మూసికొనెనో ఆ సెలవులను, బోనసును, ప్రావిడెంటు ఫండును ఇచ్చియు సంఘము నిలిచినది. కూలి నుండి కొంత పొదుపునిధిగ తీసి, ఆ నిధియే సంఘమునకు పెట్టుబడి యగునట్లు ఏర్పాటు చేసికొనినది. వారి పనిషెడ్డులలో ఒక పురాతనమైన ఆచారముండెను: చేతులు బీడీలు చుట్టుచుండ, ఒకరు లేచి దినపత్రికను, పుస్తకమును గట్టిగ చదివెడివారు. చదువువాని వంతు బీడీలను తక్కినవారు చుట్టి ఇచ్చెడివారు. చేతిపనితోపాటు చెవికి చదువు దక్కిన ఆ మనుష్యులకు జమాఖర్చుల పట్టిక పరాయి భాష కాలేదు. సభలో లేచి అడుగుటకు ధైర్యము మాత్రమే చాలదు, ఏమి అడుగవలెనో తెలియవలెను గదా! పొగాకు ఆరోగ్యమునకు హానికరమన్న జ్ఞానము వ్యాపించి, బీడీ గిరాకి తగ్గగా, ఆ సంఘము గొడుగులు, కొబ్బరిపాలు, మసాలాలు, దుస్తుల తయారీ వంటి ఇతర వృత్తులకు మరలసాగినది. సభ్యుల సంఖ్య మిక్కిలి తగ్గినమాట నిజము. పరిశ్రమ క్షీణించుట యొకటి, కార్మికుని హక్కు క్షీణించుట యొకటి. కన్ననూరులో మొదటిది జరిగినది, రాచ్‌డేల్‌లో రెండవది జరిగినది.

మన తెలుగునేలపైనను ఇట్టి ఉదాహరణ లేకపోలేదు. 1956లో ముల్కనూరులో, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో, పదునాలుగు గ్రామముల రైతులు ఒక సహకార బ్యాంకును స్థాపించుకొనిరి. అప్పు ఇచ్చునది, విత్తనము, ఎరువు ఇచ్చునది, పంటను అమ్మిపెట్టునది ఒకే సంఘము కాగా, బాకీ వసూలుకై ఇంటింటికి తిరుగవలసిన అగత్యమే లేకపోయినది. అదే ప్రాంతపు స్త్రీలు పొదుపు సంఘములతో మొదలుపెట్టి, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సొంత పాలడెయిరీని నిలుపుకొనిరి. అందుకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము త్రోవ చేసినది. ప్రభుత్వపు వాటాధనము తీసికొననట్టి సంఘమును సభ్యులే తమ నియమములతో నడపుకొనవచ్చునని ఆ చట్టము చెప్పినది. పాలు పోసిన మేరకు మిగులులో బోనసు పొందు ఆ ఇల్లాండ్రకు టోడ్ లేన్ పేరు తెలియకపోవచ్చును. ఆ సూత్రము మాత్రము వారి పాలక్యానుతోపాటు ఉదయమే ఇల్లు కదలుచున్నది.

ఇక ఆ పెద్దాయనను గూర్చి ఒక్క సంగతి చెప్పి విరమింతును. నా బాల్యమున, ఇదే ఆవరణలో, సర్వసభ్య సమావేశమున ఆయన ప్రతి పద్దును బిగ్గరగ చదివెడివారు. చదువురానివారికి అర్థమగువరకు రెండుమారులు, మూడుమారులు చదివెడివారు. ఒక ఏడు మిగులు ప్రకటించి, మగ్గమునకింత చొప్పున బోనసని చెప్పి కూర్చొనబోవగా, వెనుకవరుసలో ఒక వృద్ధురాలు లేచెను. ఆమె ఇంట మగ్గము లేదు. భర్త పోయిన పిదప నాలుగిండ్లకు కండెలు చుట్టి బ్రతుకుచుండెను. సంఘసభ్యురాలును కాదు. "నాయనా, నేను చుట్టిన కండెలు ఏ పద్దులో ఉన్నాయి?" అని ఆమె అడిగెను. సభలో కొందరు నవ్విరి. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకొని, పుస్తకమును మొదటినుండి చివరివరకు మరల త్రిప్పి, "ఎక్కడా లేవమ్మా" అనిరి.

ఆ పుస్తకము ఇప్పటికిని సంఘపు బీరువాలో కలదు. నిన్న కార్యదర్శిగారు నాకు చూపించిరి. మజూరి పద్దునకు దిగువన, వేరొక సిరాతో, ఆ రాత్రియే వ్రాసినట్లున్న ఒక పద్దు కలదు: కండెల కూలి. దానికెదురుగ ఆ సంవత్సరము సున్న యున్నది. మరుసటి సంవత్సరము మొదలు అంకెలున్నవి.