ఊపిరికి లెక్క కట్టిన మనిషి

(సైన్స్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బయోసెన్సార్ల గురించీ నానో టెక్నాలజీ గురించీ మాట్లాడమన్నారు. కరపత్రంలో కూడా అదే అచ్చేశారు. నేను మాత్రం ఒక మనిషి గురించి మాట్లాడతాను. మన పిల్లలకి సైన్సంటే బట్టీ పట్టాల్సిన సూత్రాల చిట్టా అని నేర్పించారు. ఆ సూత్రం వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన జీతం తీసుకున్నాడనీ, ఆయన పేపరు కూడా ఒకసారి తిరిగొచ్చిందనీ ఏ గైడులోనూ రాయరు.

ఆ మనిషి పేరు లీలాండ్ క్లార్క్. 1918 డిసెంబర్ 4న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో పుట్టాడు. 2005 సెప్టెంబర్ 25న పోయాడు. ఆయన్ని బయోసెన్సార్ల పితామహుడంటారు. నాకు ఈ పితామహుల గొడవ గిట్టదు. మన దేశంలో ప్రతిదానికీ ఒక పితామహుడుంటాడు, చాకిరీ చేసినోళ్ల పేర్లు మాత్రం ఉండవు. అయితే ఈయన విషయంలో ఆ మాట మరీ అబద్ధం కాదు.

ముందు బయోసెన్సార్ అంటే ఏంటో చెప్పుకుందాం. మన ఊళ్లలో పాతకాలపు వాళ్లకి షుగరు జబ్బు ఎలా తెలిసేది? మూత్రం పోసిన చోట చీమలు పడితే తెలిసేది. చీమ తీపిని గుర్తు పడుతుంది. గుర్తు పడుతుంది గానీ ఎంతుందో చెప్పలేదు. నూటిరవై ఉందా, నాలుగొందలుందా అని చీమనడిగితే ఏం చెబుతుంది? గుర్తుపట్టే ఒక జీవపదార్థాన్ని, లెక్క చెప్పే ఒక విద్యుత్ తీగనీ కలిపి కూర్చోబెట్టండి. అదే బయోసెన్సార్. ఆ రెండిటికీ పెళ్లి చేసినవాడు క్లార్క్.

ఆయన చదువు గురించి రెండే ముక్కలు. ఒహాయో రాష్ట్రంలో యాంటియోక్ కాలేజీలో 1941లో కెమిస్ట్రీ డిగ్రీ. రోచెస్టర్ యూనివర్సిటీలో 1944లో డాక్టరేట్. తర్వాత మళ్లీ యాంటియోక్‌కే వచ్చి, ఎల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఫెల్స్ పరిశోధనా సంస్థలో ఉద్యోగం. హార్వర్డూ కాదు, ఎం.ఐ.టీ.యూ కాదు.

అప్పట్లో గుండెని కోసి బాగు చెయ్యాలంటే, ఆ కాసేపూ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసే యంత్రం కావాలి. చాలామంది దానికోసం తంటాలు పడుతున్నారు. క్లార్క్ రక్తంలోకి ఆక్సిజన్‌ని బుడగలుగా పంపే పరికరం తయారు చేశాడు. 1950లో దాని మీద వచ్చిన పేపర్లో మూడు పేర్లుంటాయి. క్లార్క్, గోలన్, గుప్తా. బుడగలతో పెద్ద చిక్కు. నురగ రక్తంతో పాటు ఒంట్లోకి పోతే మనిషి బతకడు. ఆ నురగని విరగ్గొట్టడానికి సిలికాన్ పూత వాడారు. అంతా బాగానే ఉంది. పేపరు పంపిస్తే ఒక సంపాదకుడు తిప్పి పంపాడని చెబుతారు. మీ యంత్రంలోంచి బయటికొచ్చే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో మీరు కొలవలేదు కదా, బాగా పని చేస్తోందని ఎలా నమ్మాలి అన్నాడట.

న్యాయమైన ప్రశ్నే. అప్పటికి కొలిచే సాధనం సరిగ్గా లేదు.

ప్లాటినం తీగకి సుమారు 0.6 వోల్టులిస్తే దాన్ని తాకిన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, కరెంటు పారుతుంది. ఎంత ఆక్సిజన్ ఉంటే అంత కరెంటు. ఈ సంగతి క్లార్క్ కంటే ముందే తెలుసు. మన టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు, అందులో సగం కూడా అక్కర్లేదు. చిక్కేంటంటే తీగని రక్తంలో పెట్టగానే రక్తంలోని ప్రోటీన్లు దానికి అంటుకుని మసిబట్టిన చిమ్నీలా చేస్తాయి. ఇక అది చెప్పే లెక్కంతా తప్పు. క్లార్క్ ఏం చేశాడో తెలుసా? సిగరెట్ పెట్టె మీద ఉండే పల్చటి సెలోఫేన్ కాగితం తీసి తీగ మీద కప్పాడు. ప్రోటీన్లు బయట ఆగిపోయాయి, ఆక్సిజన్ లోపలికొచ్చింది. ఇంకా లోపాలున్నాయి. 1954లో ఆయనకి ఇంకో ఆలోచన తట్టింది. ప్లాటినాన్నీ, దాని జతగా ఉండే వెండినీ రెండిటినీ ఒకే పొర వెనక పెట్టి, మధ్యలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోసి, ముందు పాలిథిన్ పొర బిగించాడు. కొలిచే సరంజామా మొత్తం లోపల, రక్తం బయట. దాటి రాగలిగేది వాయువు ఒక్కటే. ఇది 1956లో అచ్చయింది. క్లార్క్ ఎలక్ట్రోడ్ అంటే ఇదే. ఆసుపత్రుల్లో ధమని రక్తం పరీక్షించే యంత్రాల్లో దీన్ని పెట్టుకున్నారు. చెరువు నీళ్లలో చేపకి ఊపిరాడుతుందో లేదో చూసేవాళ్లూ ఇదే వాడారు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ కథలో అసలు పెద్దది ఏంటి? ఒక పొర. ఏది లోపలికి రావాలో ఏది రాకూడదో తేల్చే ఒక పల్చటి పొర. పొర సంగతి మనకి తెలియందా? సున్నంలో ఎన్నాళ్లు నానితే వెంట్రుక ఊడుతుందో, లందలో తంగేడు చెక్కతో ఎన్నాళ్లుంటే చర్మం తోలవుతుందో, ఏ తోలులోంచి నీళ్లు ఓడతాయో ఏది ఓడదో మాదిగ గూడెంలో చదువురాని తాతకి తెలుసు. అది రసాయన శాస్త్రం కాదా? ఆ తాతని ఊరవతల కూర్చోబెట్టి, ముట్టుకుంటే మైలన్నారు. చేత్తో దేన్నీ ముట్టుకోనివాణ్ణి పండితుడన్నారు. ఈ మాట నా ఒక్కడిదీ కాదు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయన శాస్త్ర చరిత్ర రాస్తూ ఇదే వాదించాడు. సుశ్రుతుడి కాలంలో శవాన్ని కోసి చూసి నేర్చుకునేవాళ్లు, తర్వాత శవాన్ని తాకడమే పాపమైంది, చేతి పనులన్నీ కింది కులాలకి తోసేశారు, ఎందుకు ఎలా అని అడిగే బుద్ధి పని నుంచి విడిపోయింది, అందుకే ఈ నేల మీద సైన్స్ ఎండిపోయిందని రాశాడు. క్లార్క్ డాక్టరేట్ ఉన్న మనిషి. రక్తం ముట్టుకున్నాడు, గాజు ముట్టుకున్నాడు, సిగరెట్ పెట్టె కాగితం ముట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ వెలెయ్యలేదు.

అట్లాగని అమెరికా స్వర్గం అనుకోకండి. 1958లో క్లార్క్ అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ మెడికల్ కాలేజీకి మారాడు. 1968 దాకా అక్కడే. ఆ ఊళ్లోనే ఛాంప్ లయన్స్ అనే సర్జన్‌తో కలిసి 1962లో ఇంకో పేపరు వేశాడు. ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ముందు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని పొరల మధ్య బంధిస్తే ఏమవుతుంది? ఆ ఎంజైము గ్లూకోజ్‌ని పట్టుకున్నప్పుడల్లా ఆక్సిజన్‌ని ఖర్చు పెడుతుంది. ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే రక్తంలో చక్కెర ఎంతుందో తెలిసిపోతుంది. చీమ తీపిని గుర్తుపట్టింది, తీగ లెక్క చెప్పింది! ప్రపంచంలో మొదటి బయోసెన్సార్ అదే.

అదే బర్మింగ్‌హామ్‌లో మరుసటేడు, 1963 మే నెలలో, సమానత్వం అడిగిన నల్లపిల్లల ఊరేగింపు మీదికి పోలీసు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. సెప్టెంబర్ 15న పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. ఆ నగరపు ఆసుపత్రుల్లో అప్పటికింకా నల్లవాళ్ల వార్డు వేరు, తెల్లవాళ్ల వార్డు వేరు. సైన్స్ చరిత్ర పుస్తకంలో ఆ చర్చి ఉండదు, ఉద్యమ చరిత్ర పుస్తకంలో ఆ ఎలక్ట్రోడ్ ఉండదు. రెండూ ఒకే ఊరివి, ఒకే కాలానివి. మనం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

గుండె ఆపరేషన్ల చరిత్రలోనే ఇంకో మనిషున్నాడు, వివియన్ థామస్. నల్లవాడు, బానిసల మనవడు, వడ్రంగం నేర్చినవాడు. డాక్టరు చదువు చదవాలని డబ్బు దాచుకుంటే 1930 నాటి మాంద్యంలో ఆ బ్యాంకు మునిగింది. బ్లాలాక్ అనే సర్జన్ దగ్గర ల్యాబులో చేరాడు. చేసేది పరిశోధన, రిజిస్టర్లో హోదా ఊడ్చేవాడిది, జీతమూ అదే. పుట్టుకతో గుండె జబ్బుండి నీలంగా మారే పసిపిల్లలకి 1944 నవంబర్ 29న బాల్టిమోర్‌లో జరిగిన మొదటి ఆపరేషన్‌లో, బ్లాలాక్ వెనక స్టూలు మీద నిలబడి ఎక్కడ ఎలా కుట్టాలో చెప్పింది థామసే. ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇవ్వడానికి జాన్స్ హాప్కిన్స్‌కి 1976 దాకా పట్టింది.

మళ్లీ క్లార్క్ దగ్గరికొద్దాం. 1966లో ఆక్సిజన్ కలిపిన ఫ్లోరోకార్బన్ ద్రవంలో ఎలుకని పూర్తిగా ముంచితే అది ఆ ద్రవాన్నే పీల్చి బతికింది. ఆ ఫొటో చూసి లోకం నోరెళ్లబెట్టింది. 1968లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రికి వెళ్లి 1991 దాకా అక్కడే పని చేశాడు, కృత్రిమ రక్తం మీద. చనిపోయిన ఏడాదే ఆయనకి రస్ ప్రైజ్ వచ్చింది, 5 లక్షల డాలర్లు. చక్కెర కొలిచే యంత్రం అమ్మకానికొచ్చింది 1975లో, ఎల్లో స్ప్రింగ్స్ కంపెనీ నుంచే. బల్ల మీద పెట్టే యంత్రం, ఆసుపత్రులకి మాత్రమే. ఇంట్లో వాడే పెన్ను లాంటి మీటర్ 1987లో వచ్చింది. దాని వెనక క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1984లో చేసిన పనుంది. ఆక్సిజన్ మీద ఆధారపడకుండా ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనంతో ఎలక్ట్రాన్లని మోయించారు.

నానో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కరపత్రం అబద్ధమవుతుంది. మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటర్. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులు చేస్తే అది పచ్చగా ఉండదు, ఎర్రగా కనబడుతుంది. ఈ సంగతి ఫారడే 1857లోనే చూపించాడు. ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాలకి అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చినవాడు. 2020, 21ల్లో కరోనా ర్యాపిడ్ టెస్టు పట్టీ మీద ఎర్ర గీత చూసి గుండె జారిపోయిందే, చాలా పట్టీల్లో ఆ గీత ఈ బంగారు రేణువులదే. అంత బంగారం మన ఇంటికొచ్చింది ఆ ఒక్కసారే!

ఆ కరోనా రోజుల్లోనే అందరి వేళ్లకీ పల్స్ ఆక్సీమీటర్ తగిలింది. జపాన్‌లో తకువో అయోయాగి 1974లో కనిపెట్టిన పద్ధతి అది. రెండు రకాల వెలుతుర్ని వేలిలోంచి పంపి ఆక్సిజన్ అంచనా కడుతుంది. 2020 డిసెంబర్‌లో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు ఒక లెక్క తీశారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు ధమని రక్తం తీసి చూస్తే అసలు విలువ 88 కంటే తక్కువున్నవాళ్లు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. ఊపిరాడకపోయినా అంకె బాగుందన్నమాట. యంత్రానికి కులం లేదు, రంగు లేదు అనేవాళ్లకి ఈ అంకె చూపించండి. యంత్రాన్ని ఎవరి వేలి మీద సరిచూశారన్నదే ప్రశ్న. 2025 జనవరిలో అమెరికా ఎఫ్.డి.ఏ. ముసాయిదా నిబంధనలిచ్చింది, ఇక మీద అన్ని రంగుల చర్మాల మీదా పరీక్షించాలని. 1974 నుంచి 2025కి ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి. మన నల్లటి వేళ్లకి ఎవరు లెక్క తీశారు? ల్యాబులో మన పిల్లలుంటే ఆ ప్రశ్న మొదటిరోజే వచ్చేది.

చివరిగా మాన్‌హోల్. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెముంటే కుళ్లిన గుడ్ల వాసనొస్తుంది. సుమారు 100 పి.పి.ఎం. దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు తిరిగి రాడు. 2015 నవంబర్‌లో కేరళ కోజికోడ్‌లో మాన్‌హోల్లో దిగిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలు పోయారు. వాళ్లని కాపాడబోయి నౌషాద్ అనే ఆటో డ్రైవర్ కూడా పోయాడు. ఆ గాలిని ముందే పసిగట్టే పరికరం ఉందా? ఉంది. చేతిలో పట్టేంత. పొర, ద్రావణం, ఎలక్ట్రోడ్లు, కరెంటు. క్లార్క్ ఎలక్ట్రోడ్‌కి దగ్గరి చుట్టమే. 2013 చట్టం కింద వచ్చిన నిబంధనల్లో రక్షణ సామగ్రి జాబితాలో నాలుగు వాయువుల గ్యాస్ మానిటర్ పేరు కూడా ఉంది. సుప్రీంకోర్టు 2014లో చనిపోయిన ఒక్కొక్కరికి 10 లక్షలివ్వమంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పోయాక ఇచ్చే డబ్బు లెక్క పెరిగింది. దిగకముందు గాలి లెక్క చూసేవాడు మాత్రం కనబడడు. కాగితం వెలిగించి లోపలికి పడేసి చూడడం మానలేదు. మీథేన్ ఉంటే ఆ కాగితమే చంపుతుంది.

అసలు మనిషే దిగకూడదు, అది మన డిమాండ్. ఆ డిమాండ్ నెరవేరేదాకా మునిసిపాలిటీ స్టోరుకి వెళ్లి మానిటర్ ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అని రాసి అడగండి. ఈ సెన్సార్లు రెండు మూడేళ్లకి ఎండిపోతాయి. అల్మారాలో ఉన్నది పని చేస్తుందని నమ్మొద్దు.

వయసు పిల్లలకో మాట. బయోసెన్సార్ల పనికి బయాలజీ ఒక్కటే చాలదు, కెమిస్ట్రీ ఒక్కటే చాలదు, ఎలక్ట్రానిక్స్ కూడా కావాలి. బి.ఎస్సీ.లో ప్రాక్టికల్స్ ఎగ్గొట్టొద్దు. రికార్డులు కాపీ కొట్టొద్దు. సోల్డరింగ్ నేర్చుకోండి. ఆడపిల్లలు కూడా.

ప్రశ్నలుంటే అడగండి. బల్ల మీద పాత గ్లూకోమీటర్ ఒకటి పెట్టాను, విప్పి చూడొచ్చు. స్ట్రిప్పులు నాలుగే ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని పొరలు పొరలుగా ఒలిచి చూద్దాం. ముందు ఆ వెనక బెంచీ చెల్లెలు చెయ్యెత్తింది, చెప్పమ్మా.